నత్తలంకలో ఎవరికీ చేదు తెలియదు

1956 నవంబరులో నన్ను ఏలూరుకు వేశారు. ఒక వైద్య కళాశాలలో శరీరధర్మ శాస్త్ర విభాగంలో నేను టెక్నికల్ అసిస్టెంటును. హోదా వినడానికి బాగుంటుంది గాని, నా కింద ఉన్నది ఒక్క అటెండరు, నా పైన ఉన్నది మిగతా లోకమంతా. రాష్ట్రం పేరు మారి నెల తిరగలేదు. నా ఉత్తర్వు మీద అచ్చులో 'ఆంధ్ర' అని ఉంటే, గుమాస్తా ఎవరో దాని పక్కన 'ప్రదేశ్' అని చేత్తో చేర్చాడు. ఉత్తర్వు ప్రకారం నా పని క్షేత్ర పరిశీలన. అంటే ఊళ్లు తిరిగి, జనం నోట్లో కాగితం ముక్క పెట్టి, ఎలా ఉందని అడగడం.

నవ్వకండి, అప్పట్లో మేమెవరం నవ్వలేదు. ఒక రసాయనం ఉంది. దాన్ని నీళ్లలో కరిగించి, వడపోత కాగితాన్ని అందులో ముంచి, నీడన ఆరబెట్టి, గోరంత ముక్కలుగా కత్తిరించేవాళ్లం. ఆ ముక్క నాలుక మీద పెట్టుకుంటే కొందరికి వేపాకు నమిలినంత చేదు. కొందరికి వట్టి కాగితం. ఈ తేడా అలవాటువల్ల వచ్చేది కాదు, పుట్టుకతో వచ్చేది. తండ్రి ముక్కు కూతురికి వచ్చినట్టే చేదు తెలిసే నాలుకా వస్తుంది. కొన్ని జబ్బులు కుటుంబాల్లో ఎలా దిగివస్తాయో తెలియాలంటే, ముందు ఇలాంటి నిరపాయమైన లక్షణం ఒకటి పట్టుకుని అది తాతనుంచి మనవరాలికి ఏ దారిన నడిచిందో చూడాలి. మూర్ఛ గురించో మతిభ్రమ గురించో అడిగితే ఏ ఇంట్లోనూ నిజం చెప్పరు. కాగితం ముక్క రుచి గురించి అబద్ధమాడవలసిన అవసరం ఎవరికుంటుంది? ఇదీ మావాళ్ల ఆలోచన.

ఆ ఆలోచన ఎంత తప్పో చెప్పడానికే ఇది రాస్తున్నాను. నేను గీసిన ఒక పటం వల్ల, దానికి తోడు నా నోటి దురద వల్ల, కొల్లేటి లంకలో ఒక ఇల్లాలు పెట్టె సర్దుకుని గుమ్మంలో కూర్చుంది. తప్పు ఆవిడది రవ్వంత కూడా లేదు. ఊళ్ల పేర్లూ మనుషుల పేర్లూ మార్చాను. మిగతాదంతా జరిగింది జరిగినట్టే.

మా పనికి అధిపతి డాక్టర్ విశ్వపతి గారు. ఆయన రీడరు. రీడరంటే ప్రొఫెసరుకు ఒక మెట్టు కింద. ఆ మెట్టెక్కాలంటే పేరు మోగే పరిశోధనా పత్రం ఒకటి రాయాలి. అందుకని ఆయన ఏలూరులో అద్దెకు తీసుకున్న రెండు గదుల ఆఫీసులో కూర్చుని పత్రానికి తగిన పేర్లు ఆలోచిస్తూ ఉండేవారు. ఊళ్లు తిరిగేది నేనూ, అటెండరు నరసయ్యా. నరసయ్యకు యాభై దాటాయి. ముందుగా తనను అడిగి ఉంటే లోకంలో ప్రతి పనీ ఇంతకన్నా బాగా జరిగేదని ఆయన నమ్మకం.

మొదటి పదిహేను రోజులూ తాడేపల్లిగూడెంలో చేశాం. స్టేషను దగ్గర, మిల్లుల దగ్గర, బజారులో. అక్కడ మాకు ఏ ఇబ్బందీ రాలేదు, తిట్లు తప్ప. బెల్లం కొట్టు యజమాని కాగితం నోట్లో పెట్టుకోగానే గల్లా పెట్టె పక్కనే ఉమ్మేసి, "ఏ జన్మ పగండీ ఇది? పొద్దున్నే బోణీ కూడా కాలేదు!" అన్నాడు. మిల్లు గుమాస్తా ఒకాయన శుభ్రంగా నమిలి మింగేసి ఇంకోటి ఉందా అని అడిగాడు. మొదటాయన పేరు 'చేదు' గడిలో, రెండో ఆయన పేరు 'రుచి లేదు' గడిలో రాసుకున్నాను. కొందరు ఇటు, కొందరు అటు. పుస్తకంలో ఎలా ఉంటుందని చెప్పారో అలాగే ఉంది. విశ్వపతి గారు సంతోషించారు గాని, పుస్తకంలో ఉన్నట్టే ఉంటే కొత్త పత్రం ఏం రాస్తాం అని కాస్త దిగులు కూడా పడ్డారు. బజారులో కాదు, బయటి సంబంధాలు అంతగా చేసుకోని ఊళ్లలో చూడాలి, కొల్లేటి లంకలకు వెళ్లమన్నారు.

నత్తలంక కొల్లేటి నడుమ ఒక మిట్ట. ఏలూరులో బస్సెక్కి, గట్టు దగ్గర దిగి, అక్కడినుంచి తాటి దోనెలో వెళ్లాలి. తాటిమొద్దు తొలిచి చేసిన దోనె అది. అందులో కదలకుండా కూర్చోవడం ఒక విద్య. నరసయ్యకు ఆ విద్య రాదు. మాట్లాడకుండా కూర్చోవడం అంతకన్నా రాదు. దారిపొడుగునా గూడబాతులను చూపించి, వాటి నోట్లో కూడా మన కాగితం పెట్టి చూస్తే బాగుంటుందని సలహా ఇచ్చాడు.

ఊరిపెద్ద వీర్రాజుగారు రేవుదాకా ఎదురొచ్చారు. కాళ్లకు నీళ్లిచ్చి, చాప వేసి, తంపటి తేగలు చీల్చి పెట్టారు. ఆ తరవాత టీ వచ్చింది. ఏలూరు మనుషులు టీ తాగుతారని ఎవరో చెప్పారట. మాకోసమని టీపొడి తెప్పించి, తెల్లారగానే కుండలో వేసి, మేం వచ్చేదాకా కాగనిచ్చారు. వీర్రాజుగారి భార్య మాలచ్చమ్మగారు దాన్ని ఇత్తడి గ్లాసులో పోసి నా చేతికిచ్చి, ఎలా ఉందని అడిగారు. ఒక గుక్క వేశాను. నాలుక ముడుచుకుపోయి లోపలికి వెళ్లిపోయింది.

"చాలా బాగుందండీ" అన్నాను.

ఆవిడ మొహం వెలిగిపోయింది. రెండో గ్లాసు పోశారు. నరసయ్య మాత్రం చెయ్యి కడుక్కునే వంకన లేచి వెళ్లి, తన వాటా ఆనపపాదు మొదట్లో పోసి వచ్చాడు.

అరుగు మీద రిజిస్టరు తెరిచాను. విధానం ప్రకారం ప్రతి మనిషికీ ముందు మామూలు కాగితం ఇవ్వాలి, దాని రుచి చూశాక మందు కాగితం ఇవ్వాలి. రెండూ రెండు కట్టలుగా నా సంచీలో ఉన్నాయి. కాని సాయంత్రం లోపల తిరిగి గట్టు చేరాలి, ఊరంతా వాకిట్లో నిలబడి ఉంది. మామూలు కాగితం మాటెందుకులే అని మందు కాగితం కట్ట ఒక్కటే విప్పాను. ఉద్యోగంలో నేను చేసిన బద్ధకాలలో ఇంత ఖరీదైనది ఇంకోటి లేదు.

పెద్దరికం ప్రకారం వీర్రాజుగారు ముందు వచ్చారు. కాగితం నాలుక మీద పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. గొంతులో ముడి పైకి వెళ్లి కిందికి దిగింది. కళ్లు తెరిచేసరికి నీళ్లు తిరుగుతున్నాయి. పొయ్యి పొగ అనుకున్నాను.

"ఆయ్, బాగానే ఉందండి" అన్నారు.

'రుచి లేదు' గడిలో రాశాను. తరవాత మాలచ్చమ్మగారు. "ఆయ్, కమ్మగా ఉందండి అమ్మాయిగారూ." వాళ్ల కొడుకు గంగరాజు, మొసలిని కూడా లెక్కచెయ్యనట్టుండే ఆరడుగుల మనిషి, కాగితం పెట్టుకుని రెండు కాళ్లూ ఒకసారి కూడదీసుకుని, "బాగుందండి" అన్నాడు. ఆ వెనక వచ్చినవాళ్లంతా అదే మాట. బాగానే ఉందండి, బాగుందండి, దివ్యంగా ఉందండి. చెప్పినవాళ్లు చెప్పినట్టు తిన్నగా ఇంటి వెనక నీళ్ల కుండ దగ్గరికి వెళ్తున్నారు. నేనది గమనించలేదని కాదు. గమనించాను. 'విశేషాలు' అన్న గడిలో 'ఈ గ్రామస్థులు నీళ్లు ఎక్కువగా తాగుతారు' అని రాశాను. ఆ రిజిస్టరు ఇంకా నా దగ్గరే ఉంది, కావాలంటే చూపిస్తాను.

ఇద్దరు మాత్రం వరస తప్పారు. గంగరాజు భార్య చిట్టెమ్మ కాగితం కాసేపు నోట్లో ఉంచుకుని, "నాకేం తెలీలేదండి. కాగితం కాగితంలాగే ఉంది" అంది. మాలచ్చమ్మగారు కోడలి వంక అదోలా చూశారు. అమ్మాయిగారు అంత దూరంనించి తెస్తే ఆ మాట అనడమేమిటని ఆవిడ చూపు. రెండో మనిషి వాళ్ల కూతురు, అయిదేళ్ల బుల్లెమ్మ. కాగితం నాలుకకు తగలడమే తడవు, "థూ! చేదు!" అని ఉమ్మేసి, తల్లి చీర చెంగుతో నాలుక తుడుచుకుని, ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది.

"తప్పమ్మా. బాగుందనాలి" అని మందలించారు నాయనమ్మ.

ఆ మాట నా చెవిన స్పష్టంగా పడింది. అయినా నాకేమీ అర్థం కాలేదు. చదువుకున్నదాన్ని కదా.

తరవాత వంశపటం గీయడం. మగవాళ్లకు చదరం, ఆడవాళ్లకు సున్న, పెళ్లికి మధ్యలో ఒక గీత. మేనరికమైతే జంట గీత. చేదు తెలిసినవాళ్ల గుర్తు నల్లగా నింపాలి, తెలియనివాళ్లది ఖాళీగా వదలాలి. నత్తలంకలో అన్నీ మేనరికాలే. చిట్టెమ్మ వీర్రాజుగారి సొంత చెల్లెలి కూతురు, పక్కనున్న బాతులంకనుంచి వచ్చింది. ఆయన ఆవిడకు మామయ్యా, మామగారూ కూడాను. అరగంటలో నా పటం చేపల వల మాదిరి అయింది. అన్నీ ఖాళీ చదరాలూ, ఖాళీ సున్నలూ. అడుగున ఒకే ఒక నల్ల సున్న, బుల్లెమ్మ.

"అదొక్కటే నల్లగా దిద్దారేంటండీ?" అని అడిగారు మాలచ్చమ్మగారు.

అప్పుడైనా నోరు మూసుకోవలసింది. కాని ఆ ఊళ్లో నన్ను ఒక ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆవిడే. నాకు ఉత్సాహం వచ్చింది. తరగతిలో చెప్పినట్టు చెప్పాను. ఇది రక్తంలో వచ్చే గుణమండీ. తల్లికి గాని తండ్రికి గాని చేదు తెలిస్తేనే బిడ్డకు తెలుస్తుంది. ఇద్దరికీ తెలియకపోతే బిడ్డకు తెలియడానికి వీల్లేదు. అప్పట్లో మాకున్న లెక్క అది. అది అంత కచ్చితం కాదని తరవాతి రోజుల్లో తేలింది గాని, ఆ రోజు నేను చెప్పింది మాత్రం మహా కచ్చితంగా చెప్పాను.

అరుగు మీద ఎవరూ మాట్లాడలేదు. నా వివరణ వాళ్లకు అంతగా నచ్చిందనుకున్నాను. రేవులో దోనె ఎక్కేటప్పుడు సాగనంపడానికి వీర్రాజుగారు ఒక్కరే వచ్చారు. దోనె నడిపే మనిషి గట్టు చేరేదాకా నా వంక చూడలేదు.

మర్నాడు రిజిస్టరు చూసి విశ్వపతి గారు కుర్చీలోంచి లేచి బల్ల చుట్టూ రెండుసార్లు తిరిగారు. ఊరు ఊరంతా చేదు తెలియని మనుషులు! ఇలాంటిది లోకంలో ఎక్కడా విన్నది కాదు. కాఫీ కూడా తాగకుండా ప్రొఫెసరు గారికి మూడు పేజీల ఉత్తరం రాసి, నరసయ్య చేత అప్పటికప్పుడు టపాలో వేయించారు. ఆ తరవాత వంశపటం విప్పి, నల్ల సున్న దగ్గర ఆగి, గొంతు సవరించుకున్నారు. పెన్సిలుతో దాని పక్కన చిన్న ప్రశ్నార్థకం పెట్టి, "తండ్రెవరన్నది మన పరిశోధనలోకి రాదు లెండి. ఈ పిల్లను లెక్కలోంచి తీసేద్దాం" అన్నారు.

అప్పుడు తట్టింది నాకు, ఆ అరుగు మీద నేను చెప్పిందేమిటో. అత్తమామల ఎదుట, ఊరందరి ఎదుట, రిజిస్టరు ఒళ్లో పెట్టుకుని, ఈ పిల్ల గంగరాజు కూతురు కాదని చెప్పి వచ్చాను. అదీ వాళ్ల తేగలు తిని.

మూడోనాడు పొద్దున చేపల బజారుకు వెళ్లిన నరసయ్య ఖాళీ సంచీతో తిరిగొచ్చాడు. నత్తలంకనుంచి కొర్రమీను తెచ్చి అమ్మే ఆడవాళ్లు కనిపించారట. రేవులో గుసగుసలు మొదలయ్యాయి. ఎవరో ఏదో అన్నారు. చిట్టెమ్మ చెవిన పడింది. ఆవిడ ఏడవలేదు, అరవలేదు. రేకు పెట్టె సర్దుకుంది. పిల్లను తీసుకుని బాతులంక పుట్టింటికి వెళ్లిపోతానంది. ఆ రెండు ఊళ్ల మధ్య వలలు వేసే హద్దు గురించి తాతలనాటి తగాదా ఉంది. ఈ మాట మోసుకుని ఆవిడ ఆ గట్టెక్కితే రెండు ఊళ్లకూ మళ్లీ సంబంధాలుండవు.

"గంగరాజేమంటున్నాడు?" అని అడిగాను.

"ఏమంటాడండీ, చేదేనని మొత్తుకుంటున్నాడు. ఎవరూ నమ్మట్లేదు. మొన్న అందరి ముందరా బాగుందన్నావు, ఇవాళ పెళ్లాం కోసం మాట మారుస్తున్నావని."

విశ్వపతి గారికి ఈ సంగతంతా విప్పి చెప్పాను, నా ఉపన్యాసంతో సహా. ఆయన ముందు ఉలిక్కిపడింది చిట్టెమ్మ గురించి కాదు. "చేదేనంటున్నాడా?" అన్నారు. మూడు పేజీల ఉత్తరం టపాలో ఉంది. అయినా ఆయన మంచి మనిషి, వెంటనే బయలుదేరారు. తెల్ల సూటుతో, తెరిచిన గొడుగుతో, దోనెలో మధ్యన బిగుసుకుని కూర్చున్నారు. గాలి వీచినప్పుడల్లా గొడుగు దోనెను తనకు నచ్చిన దిక్కుకు తీసుకుపోయింది.

వీర్రాజుగారి గుమ్మంలో రేకు పెట్టె ఉంది. దాని మీద చిట్టెమ్మ, ఆవిడ ఒళ్లో బుల్లెమ్మ. కింద రేవులో బాతులంక దోనె ఒకటి కట్టి ఉంది, ఆవిడ తమ్ముడు తెచ్చినది. మమ్మల్ని చూసి అందరూ లేచి మర్యాద చేశారు. అంత కష్టంలోనూ చాప వేశారు, నీళ్లిచ్చారు. ఆ మర్యాద నాకు చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది.

చిట్టెమ్మ నన్ను సూటిగా చూసి, "మీ పుస్తకంలో నాగురించి ఏం రాశారో ఓసారి చదవండి" అంది. రిజిస్టరు తీసి చదివాను. 'రుచి లేదు.' "అది నిజమేనండి. నేనన్నదే రాశారు. ఆ రోజు ఈ వాకిట్లో నిజం చెప్పింది నేనూ, నా కూతురూ. ఇల్లొదిలి పోవలసిందీ మేమిద్దరమే" అంది.

వాకిలి తలవంచుకుంది. నేనూ వంచుకున్నాను.

గంగరాజు ముందుకొచ్చి, "ఒట్టండీ, కాకరకాయకి తాతలాగుంది. ఇంట్లోకెళ్లి ముంత మజ్జిగ తాగాను" అన్నాడు. వీర్రాజుగారు గొంతెత్తకుండానే కొడుకును ఆపారు. "ఇంటికొచ్చినోళ్లు ఇచ్చింది చేదని ఎవరంటార్రా? ఆ రోజు అనలేదు. ఇవాళ అంటే, ఊరు ఊరంతా అతిథి ముందర అబద్ధమాడినట్టేగా?" అన్నారు. ఇదీ అసలు ముడి. ఒక్క గంగరాజు మాట మార్చుకుంటే సరిపోదు. అతని మాట నిలవాలంటే, కాగితం చేదుగానే ఉందని అందరూ ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే ఊరి మర్యాద పోతుంది. ఒప్పుకోకపోతే కోడలు పోతుంది.

విశ్వపతి గారు మెల్లగా చాప మీద కూలబడ్డారు. ఊరంతా చేదు తెలియని మనుషులు అన్నది ఆయన కళ్ల ముందే కరిగిపోయింది.

ఈ సందులో నరసయ్య తన తెలివి చూపించాడు. మమ్మల్ని అడగకుండా నా సంచీలోంచి కట్ట తీసి, అరుగెక్కి, ఇవి మావి కావు, బాతులంకవాళ్లు మీ ఊరికి పంపిన కాగితాలు, రుచి చూసి చెప్పండని పంచిపెట్టాడు. అతిథిది కాకపోతే నిజం చెప్తారు కదా అని ఆయన తర్కం. నిజంగానే మర్యాద అడ్డు తొలగిపోయింది. వాకిలంతా ఒక్కసారి ఉమ్మేసింది. "విషం!" "పామునైనా చంపుతుంది!" "వాళ్ల బుద్ధిలాగే ఉంది!" తొంభై ఏళ్ల ముసలాయన ఒకాయన కాగితం ఇంకా నోట్లో పెట్టుకోకుండానే నాలుక బొబ్బలెక్కిందన్నాడు. చిట్టెమ్మ తమ్ముడు రేవులోంచి కర్ర పట్టుకుని పైకొచ్చాడు. చిట్టెమ్మ మాత్రం కాగితం నోట్లోంచి తీసి చూసి, "నాకేం తెలీలేదండి" అంది, మొన్నటిలాగే.

నేను కట్ట చేతిలోకి తీసుకుని దాని మీది చీటీ చూశాను. నరసయ్య పంచిపెట్టింది మందు కాగితాలు కాదు. ఆ రోజు నేను బద్ధకించి విప్పని మామూలు కాగితాల కట్ట.

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. మందు కాగితం ఇస్తే అందరూ బాగుందన్నారు. వట్టి కాగితం ఇస్తే అందరూ విషమన్నారు. ఒకటి అతిథి మీద గౌరవం, ఇంకోటి పొరుగూరి మీద కోపం. రెండింట్లోనూ కాగితం రుచి అన్నది ఎక్కడా లేదు. రెండుసార్లూ ఒకే జవాబు చెప్పిన మనిషి చిట్టెమ్మ ఒక్కతే.

కర్ర పట్టుకొచ్చిన తమ్ముడికి నేనూ విశ్వపతి గారూ చేతులు జోడించి సంగతి చెప్పేసరికి కాస్త చెమట పట్టింది. నరసయ్యను దోనెలో కూర్చోబెట్టి లేవవద్దన్నాం. అప్పుడు విశ్వపతి గారు, తెల్ల సూటుకు అంటిన మట్టి దులుపుకుని, ఆ రోజుకు నిజంగా పనికొచ్చే మాట ఒకటి అన్నారు. ఎలా ఉందని ఎవర్నీ అడగవద్దు. వేరు చెయ్యమని అడుగుదాం.

ఎనిమిది కాగితాలు తీశాను. నాలుగు మందువి, నాలుగు మామూలువి. చూడడానికి అన్నీ ఒకటే. మందు వాటి వెనక నాకు మాత్రమే కనిపించేంత చిన్న పెన్సిలు చుక్క. అన్నీ కలిపేసి, ఒక్కొక్కటే నాలుక మీద పెట్టాలి, మందువి కుడి పళ్లెంలో, మామూలువి ఎడమ పళ్లెంలో వెయ్యాలి. చేదని అనక్కర్లేదు, బాగుందని అనక్కర్లేదు, అసలు నోరు విప్పక్కర్లేదు. కళ్లకు గుడ్డ కట్టాలి. ఊరికే గుడ్డిగా వేస్తే నాలుగూ నాలుగూ సరిగ్గా పడేది డెబ్బైసార్లకు ఒకసారి. ఈ లెక్క వీర్రాజుగారికి చెబితే ఆయన తలూపి, "వేరు చెయ్యమంటే చేస్తామండి. చేపలు వేరు చేసే పనేగా మాది. చేదనడం వేరు, వేరు చెయ్యడం వేరు" అన్నారు. మర్యాదకు భంగం లేని దారి దొరికినందుకు ఆయన మొహంలో రక్తం తిరిగింది.

ముందు చిట్టెమ్మ. ఆవిడ పళ్లేల్లో అన్నీ కలగాపులగంగా పడ్డాయి. నిజంగానే తెలియదు. ఇక అంతా గంగరాజు మీదే ఉంది. అతనికీ తెలియకపోతే, నేను ఆ రోజు అరుగు మీద అన్న మాట అలాగే నిలబడిపోతుంది. ఆ ఎనిమిది కాగితాల వంక చూసినంత భయంగా నేను నా పరీక్షా ఫలితాల వంక కూడా చూడలేదు.

గంగరాజు కళ్లకు వీర్రాజుగారే తన తలగుడ్డ విప్పి కట్టారు. మొదటి కాగితం ఎడమ పళ్లెంలో పడింది. రెండోదీ ఎడమే. మూడోది నోట్లో పెట్టుకున్నాడు. ఆరడుగుల మనిషి ఒళ్లంతా ఒక్కసారి జలదరించింది. ఏమీ అనలేదు. కుడి పళ్లెంలో వేశాడు. నాలుగోది కుడి, మళ్లీ జలదరింపు. అయిదోది పెట్టుకునేసరికి వాకిట్లో పిల్లలు జలదరింపు కోసం కాచుక్కూచున్నారు. ఎనిమిదీ అయ్యాక కుడి పళ్లెం తిరగేశాను. నాలుగు కాగితాలు, నాలుగు చుక్కలు. చాలదన్నారు విశ్వపతి గారు. కాగితాలు మార్చి మళ్లీ పెట్టాం. మళ్లీ నాలుగూ నాలుగే.

"మజ్జిగ" అన్నాడు గంగరాజు, గుడ్డ విప్పకుండానే. పెట్టె మీదినుంచి లేచి ముంత తెచ్చి ఇచ్చింది చిట్టెమ్మ. అతను తాగుతూండగా, "మొన్ననే అనుంటే పోయేది కదా" అని నెత్తిన ఒక్కటి మొట్టింది. మాలచ్చమ్మగారు రేకు పెట్టె తనే ఎత్తుకుని లోపలికి తీసుకెళ్లి, బయటికొచ్చి, కోడలి చెయ్యి పట్టుకుని, "నీకున్నపాటి ధైర్యం మాకు లేకపోయిందే తల్లీ" అన్నారు. తరవాత తనూ పళ్లేల ముందు కూర్చున్నారు. నాలుగూ నాలుగు. ఆవిడ వెనక ఊరంతా వరస కట్టింది. బుల్లెమ్మ ఒక్కతే రానంది. ఆ పిల్ల సంగతి తేలిపోయింది కనుక మేమూ బలవంతపెట్టలేదు.

సాయంత్రానికి నత్తలంక కూడా తాడేపల్లిగూడెంలాగే తేలింది. కొందరు ఇటు, కొందరు అటు. నా పటంలో గంగరాజు చదరాన్ని వాళ్లందరి ముందూ నల్లగా నింపాను, సిరా ఎక్కువై పక్కకు కారేంత గట్టిగా.

సాగనంపేముందు మాలచ్చమ్మగారు మళ్లీ ఇత్తడి గ్లాసు తెచ్చారు. అదే టీ. మేం వచ్చినప్పటినుంచీ కాగిన టీ. తాగేదాకా ఎదురుగా నిలబడి, ఎలా ఉందండీ అని అడిగారు. నేను ఒక గుక్క వేసి, గ్లాసు కింద పెట్టి, ఇంత జరిగాక ఇంక అబద్ధం ఆడకూడదని నిశ్చయించుకుని, "చేదుగా ఉందండీ" అన్నాను.

ఆవిడ నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. "మాకూ తెలుసండి అమ్మాయిగారూ. మేవెవరం తాగం. మొన్న మీరు చాలా బాగుందన్నారని మళ్లీ కాచాను."

విశ్వపతి గారు మొదటి ఉత్తరాన్ని రద్దు చేస్తూ ప్రొఫెసరు గారికి ఇంకో ఉత్తరం రాశారు. జవాబు ఒక్క వాక్యం: ఇకమీదట మర్యాద తక్కువగా ఉన్న ఊళ్లు ఎంచుకోవలసింది. పత్రం రాలేదు. ఆయన ప్రొఫెసరయ్యారు గాని, అది ఇంకేదో విషయం మీద. నరసయ్య రిటైరయ్యేదాకా, కట్ట మారింది గాని తన ఆలోచన సరైనదేనని వాదించాడు.

ఆ తరవాత ముప్పై ఏళ్లు ఇదే శాఖలో పనిచేశాను. నేను నేర్చుకున్నది రెండు ముక్కలు. మామూలు కాగితం ముందు ఇవ్వాలని విధానంలో రాసి ఉంటే, సాయంత్రమవుతున్నా సరే ముందు అదే ఇవ్వాలి. మనిషిని అడగవలసింది అతని మర్యాద జవాబు చెప్పనిచ్చే ప్రశ్నే. నత్తలంక తరవాత నేను తయారు చేసిన ఏ రిజిస్టరులోనూ 'బాగుంది' అన్న జవాబుకు గడి లేదు.